కణపు పొర కథ

వేసవిలో మాగాయ పెట్టే ఇళ్లలో ఏటేటా జరిగే విశేషం ఒకటి ఉన్నది. పుల్లని మామిడికాయలను చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేసి మూత పెడతారు. ఒక్క చుక్క నీరు పోయరు సరికదా, తడిచేయి కూడా తగలనీయరు. మూడవనాడు మూత తీసి చూస్తే ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. "ఉప్పు పిలిస్తే కాయలో నీళ్లు బయటికి వస్తాయిరా" అని మా నాయనమ్మ అనేది. శాస్త్రం చదువుకొంటున్నానన్న గర్వంతో నేను ఆ మాటకు నవ్వుకొనేవాడిని. ఆ శాస్త్రం నడిచివచ్చిన దారిని కొంత తెలిసికొన్న తరువాత, ఆమె చెప్పినదానికీ, ఐరోపా పండితులు చాలాకాలం చెప్పుకొన్నదానికీ ఆట్టే భేదం లేదని బోధపడినది.

ఉప్పు పిలిచినది, నీరు వచ్చినది. బాగానే ఉన్నది. కాని ఏ ద్వారం గుండా వచ్చినది? నీరు అంత సులభంగా బయటికి రాగలిగినప్పుడు, ఉప్పు అంత సులభంగా లోనికి ఎందుకు పోలేదు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం దొరకడానికి రెండువందల ఏండ్లకు పైగా పట్టినది. ఆ సమాధానంలో ఒక ముక్క మన దేశపు సరిహద్దున ఒక శరణార్థి శిబిరంలో వేలమంది ప్రాణాలు కాపాడినది. నేడు చెప్పదలచినది ఆ కథ.

జీవకణమనే మాట పుట్టినది 1665లో. లండను నగరంలో రాబర్ట్ హుక్ సీసా బిరడాలకు వాడే బెండును పలుచగా కోసి, తన సూక్ష్మదర్శినితో చూచి, తేనెపట్టులోవలె కనిపించిన ఖాళీ గదులకు 'సెల్' అని పేరు పెట్టినాడు. ఆయన చూచినవి చచ్చిన బెరడులోని గోడలు మాత్రమే. ఇల్లు చూచినాడు గాని ఇల్లాలిని చూడలేదు. ఆ తరువాత నూట డెబ్బది ఏండ్లకు, 1838లో ష్లైడెన్ మొక్కల విషయంలోను, 1839లో ష్వాన్ జంతువుల విషయంలోను, ప్రాణి శరీరమంతా కణాలతోనే నిర్మితమైనదని ప్రకటించినారు. వారి సిద్ధాంతంలో ఒక పెద్ద పొరపాటు కూడా ఉన్నది. పాకంలో పటికబెల్లపు పలుకులు గడ్డకట్టినట్లు, జీవద్రవంలో కొత్త కణాలు వాటంతట అవే ఏర్పడతాయని వారు నమ్మినారు.

ఆ పొరపాటును సరిదిద్దినవాడు బెర్లిన్ నగరంలో పనిచేసిన రాబర్ట్ రేమాక్. కోడి పిండంలోని రక్తకణాలు నడుమ సన్నబడి రెండుగా చీలడం ఆయన 1841లోనే వర్ణించినాడు. కణాలన్నీ కణాల విభజన వల్లనే పుడతాయని 1852లో స్పష్టంగా వ్రాసినాడు. మూడేండ్ల తరువాత అదే సంగతిని విర్కో ఒక చిన్న లాటిన్ వాక్యంలో బిగించి చెప్పినాడు. లోకం ఆ వాక్యాన్ని జ్ఞాపకం పెట్టుకొన్నది, విర్కోను జ్ఞాపకం పెట్టుకొన్నది. రేమాక్ యూదుడు. ఆ కారణంగా ఆచార్య పదవికి అర్హత ఉండీ అది ఆయనకు చాలాకాలం అందలేదు. ఇప్పటికీ ఎన్నో పుస్తకాలలో ఆయన పేరు విర్కో పేరు వెనుకనే కనబడుతుంది.

విభజన కథ వేరే ప్రసంగానికి తగినంత పెద్దది. మన పొర కథకు కావలసిన ఒక్క సంగతి మాత్రం చెప్పి ముందుకు సాగుతాను. ఒక ఘనాకారపు పెట్టె భుజాన్ని రెండింతలు చేస్తే దాని పైతలం నాలుగింతలు అవుతుంది, లోపలి పరిమాణం ఎనిమిదింతలు అవుతుంది. కణం పెరిగినకొద్దీ దాని స్థితి ఇదే. లోపల తినవలసిన నోళ్లు ఎనిమిదింతలై, ధాన్యం వచ్చే వాకిలి నాలుగింతలే అయినప్పుడు ఆ సంసారం ఎంతకాలం సాగుతుంది? కణాలు ఎంతో పెద్దవి కాకుండా చిన్నవిగానే ఉండి, పెరిగి, రెండుగా వేరుపడడానికి ఉన్న కారణాలలో ఇది ముఖ్యమైనది. రెండుగా వేరుపడాలంటే పొర కూడా అంతకంత కావలె. ఆ కొత్త పొర కణం లోపలనే తయారై, చిన్న చిన్న తిత్తుల రూపంలో అంచుకు చేరి, ఉన్న పొరలో కలిసిపోతుంది. జంతుకణం నడుముకు తాడు బిగించినట్లు నొక్కుకొని రెండవుతుంది. మొక్క కణానికి బయట గట్టి గోడ ఉండడంచేత అట్లా నొక్కుకొనడం వీలుకాదు. అది నడుమ అడ్డుగోడ కట్టుకొంటుంది, అన్నదమ్ములు ఇల్లు పంచుకొన్నట్లు.

ఇక పొర సంగతి. కణం అనే మాట తప్ప కణం గురించి ఏమీ తెలియని రోజులలోనే ఈ కథ మొదలైనది. 1748లో ఫ్రాన్సులో నొలే అనే మతాచార్యుడు ద్రాక్షసారా నింపిన పాత్రకు పంది మూత్రాశయపు తిత్తిని మూతగా బిగించి నీటిలో ముంచి ఉంచినాడు. కొన్ని గంటలకు ఆ మూత పైకి ఉబ్బి బిగుసుకొన్నది. నీరు లోనికి పోయినది గాని సారా ఆ విధంగా బయటికి రాలేదు. తరువాత ఆయన నీటిని లోపలా సారాను బయటా ఉంచగా, మూత లోపలికి క్రుంగినది. మన జాడీలో జరిగినది కూడా ఇదే. ఎనభై ఏండ్ల తరువాత అదే దేశంలో ద్యుత్రొషే అనే వైద్యుడు దీనికి పేరు పెట్టి, కొలిచే సాధనం కల్పించి, మొక్కలలో రసం కదలడానికి మూలం ఇందులో ఉన్నదని వాదించినాడు. దీనినే మన పాఠ్యపుస్తకాలలో ద్రవాభిసరణం అంటున్నాము.

పంది తిత్తి మోటైన సాధనం. అంతకంటె నేర్పరి అయిన పొరను కల్పించినవాడు ఒక ద్రాక్షసారా వర్తకుడు. ఆయన పేరు మోరిట్స్ ట్రావ్బే. జర్మన్ భాషలో ఆ మాటకు ద్రాక్ష అనే అర్థం ఉండడం చమత్కారమే. వ్యాపారం చూచుకొంటూనే రసాయనశాస్త్రంలో పరిశోధనలు సాగించి, రెండు లవణద్రావణాలు కలిసే చోట ఏర్పడే గోధుమరంగు పొర నీటిని పోనిచ్చి, కరిగి ఉన్న ఎన్నో పదార్థాలను ఆపగలదని 1867లో చూపినాడు. ఆ పొర తాకితే చిరిగిపోయేది. పది సంవత్సరాల తరువాత విల్హెల్మ్ ఫెఫర్ దానికి ఆధారం కల్పించినాడు. కాల్చిన మట్టికుండకు కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి గదా. కూజాలో నీరు చల్లబడేది వాటివల్లనే. ఫెఫర్ అటువంటి చిన్న కుండకు ఒకవైపు మైలుతుత్తపు నీటిని, మరొకవైపు పొటాషియం ఫెర్రోసయనైడ్ ద్రావణాన్ని తగలనిచ్చి, కుండ గోడలోనే ఆ పొర పేరుకొనేటట్లు చేసినాడు. ఇప్పుడు పొర చిరగదు. కుండలో చక్కెర నీరు పోసి, మూత బిగించి, పాదరసపు గొట్టం అమర్చి, నీటిలో ఉంచినాడు. నూటికి ఒక పాలు చక్కెర ఉన్న నీరు ఇంచుమించు 53 సెంటీమీటర్ల ఎత్తు పాదరసాన్ని నిలబెట్టినది. వాతావరణ పీడనంలో అది మూడింట రెండు వంతులు. చిటికెడు చక్కెరకు ఇంత బలమా అని నేటికీ ఆశ్చర్యం కలుగుతుంది. ఆ కొలతలనే ఆధారం చేసికొని వాంట్ హాఫ్ ద్రావణాలను గురించి గొప్ప సూత్రం నిర్మించినాడు. 1901లో రసాయనశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమానం ఆయనకే వచ్చినది.

ఫెఫర్ 1877లో ఈ ఫలితాలతోపాటు ఒక ఊహ కూడా ప్రకటించినాడు. జీవకణం వెలుపలి అంచున ఇటువంటి పలుచని పొరే ఉండవలెననీ, ఏది లోనికి పోవలెనో ఏది పోరాదో నిర్ణయించేది అదేననీ ఆ ఊహ. ఆ పొరను ఎవరూ చూడలేదు. చూడడం ఆ కాలపు సూక్ష్మదర్శినులకు సాధ్యం కాదు కూడా. అటువంటి పొరలు లక్షకు పైగా దొంతిగా పేర్చితేగాని ఒక మిల్లీమీటరు మందం రాదు. కంటితో చూడకుండా, అది చేసే పనిని బట్టి మాత్రమే ఒక వస్తువు ఉన్నదని చెప్పి, అది ఎట్టిదో కూడా వర్ణించడం ఈ కథలో నాకు అన్నిటికంటె నచ్చిన భాగం.

అట్లా వర్ణించినవారిలో అగ్రగణ్యుడు ఓవర్టన్. ఇంగ్లండులో పుట్టి, స్విట్జర్లండులోని జూరిక్ నగరంలో చదువుకొని అక్కడనే పనిచేసినాడు. 1890 తరువాత ఆయన ఓపికగా ఒకే పని చేసినాడు. ఒక పదార్థం తీసికొనడం, మొక్కల వేరునూగు కణాలలోనికో, కప్పపిల్లల దేహంలోనికో అది ఎంత త్వరగా పోతుందో చూడడం, మరొక పదార్థం తీసికొనడం. ఇట్లా అయిదువందలకు పైగా పదార్థాలను పరీక్షించినాడు. మొదట ఆయన నీటిలో కరిగేవి త్వరగా పోతాయనే అనుకొన్నాడు. జరిగినది అందుకు విరుద్ధం. నూనెలో కరిగేవి చొరవగా లోనికి పోయినవి. నీటిలో మాత్రమే కరిగే చక్కెరవంటివి వాకిట నిలిచిపోయినవి. కాబట్టి ఆ కనపడని పొర నూనెవంటి, క్రొవ్వువంటి పదార్థంతో నిర్మితమై ఉండవలెనని 1899లో ఆయన ప్రకటించినాడు. మన జాడీలోని ఉప్పు వెంటనే ముక్కలోనికి పోకపోవడానికి కారణం ఇదే. ముక్కలోని కణాలు నీరు కోలుపోయి, పొరలు చెడి, చచ్చిన పిదపనే ఉప్పు లోపలికి దిగుతుంది.

నూనె పొర ఎంత పలుచన? ఈ ప్రశ్నకు దారి చూపినది పరిశోధనశాల కాదు, వంటయిల్లు. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఆగ్నెస్ పోకెల్స్ అనే యువతి తల్లిదండ్రులకు సేవచేస్తూ ఇంటిపనులలో గడిపేది. ఆ కాలంలో ఆడపిల్లలకు అక్కడ విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. అంట్లు తోమే తొట్టెలో నీటిమీద జిడ్డు పరచుకొనే తీరును ఆమె గమనించి, రేకుతొట్టె ఒకటి అమర్చుకొని, నీటిమీది నూనెపొరను ముందుకూ వెనుకకూ నెడుతూ దాని బలాన్ని కొలిచినది. పది సంవత్సరాల పనిని వివరిస్తూ 1891లో ఇంగ్లండులోని ర్యాలీ ప్రభువుకు లేఖ వ్రాయగా, ఆయన దానిని 'నేచర్' పత్రికలో అచ్చువేయించినాడు. అమెరికాలో లాంగ్‌మ్యూర్ ఆ పద్ధతిని మెరుగుపరచి, నీటిమీద నూనె ఒక్క అణువు మందాన పరచుకొనగలదనీ, ఆ అణువుల తలలు నీటిలోను తోకలు గాలిలోను ఉంటాయనీ తేల్చినాడు. ఆయనకు 1932లో నోబెల్ బహుమానం లభించినది.

ఆ తొట్టెనే 1925లో హాలండు దేశపు లైడెన్ నగరంలో గోర్టర్ అనే పిల్లల వైద్యుడూ, ఆయన సహచరుడు గ్రెండెల్ కలిసి మరొక పనికి వాడినారు. మనిషి రక్తాన్ని, కుక్క, మేక, గొఱ్ఱె, కుందేలు మొదలైన జంతువుల రక్తాన్ని తీసి, ఎర్రకణాల నుండి క్రొవ్వునంతా అసిటోనుతో పిండి, నీటిమీద పరచి వైశాల్యం కొలిచినారు. కణాల పైతలంకంటె అది సరిగా రెండింతలు వచ్చినది. కాబట్టి పొరలో క్రొవ్వు అణువులు రెండు వరుసలుగా ఉండవలె. రెండు వరుసల మనుషులు కాళ్లూ కాళ్లూ కలిపి పండుకొన్నట్లు, తోకలు లోపల దాచుకొని, తలలు రెండు ప్రక్కలా నీటివైపు పెట్టుకొని ఉండవలె. ఈ నిర్ణయం సత్యమే. విచిత్రమేమంటే లెక్క తప్పు. అసిటోను క్రొవ్వునంతా లాగలేదు, ఆ మేరకు కొలత తగ్గినది. ఎండిన కణాలను కొలవడంచేత పైతలం కూడా అసలుకంటె తగ్గినది. ఒక తప్పు రెండవ తప్పును సరిపెట్టినది. నలభై ఏండ్ల తరువాత ఇతరులు లెక్కను తిరుగవేసినప్పుడుగాని ఇది బయటపడలేదు. ఇట్లా లెక్క చేసి సరైన జవాబు తెచ్చిన పిల్లవానికి ఏ ఉపాధ్యాయుడైనా ఎన్ని మార్కులు వేయవలెనో చెప్పడం కష్టమే.

1950 తరువాత ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కణం అంచున రెండు నల్లని గీతలు, నడుమ ఒక తెల్లని గీత కనిపించినవి. ఊహించిన ఎనభై ఏండ్లకు ఫెఫర్ పొర కంటికి కనపడినది. అది గడ్డకట్టిన గోడ కాదనీ, నూనెవలె కదలాడే పొరలో మాంసకృత్తులు, అనగా ప్రొటీన్లు, పడవలవలె తేలుతూ ఉంటాయనీ 1972లో సింగర్, నికల్సన్ అనేవారు వివరించినారు.

అయితే ఓవర్టన్ సిద్ధాంతంలోనే ఒక చిక్కు ఉన్నది. క్రొవ్వు గోడ చక్కెరను, ఉప్పును ఆపితే ప్రాణి వాటిని ఎట్లా అనుభవిస్తున్నది? కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. కండ ముడుచుకొనేటప్పుడు ఈ రెండూ కొంత తారుమారు కావలె. డెబ్బదియేండ్ల వృద్ధుని కండరాలు అన్నేండ్లు పనిచేసినా, వాటిలో పసిబిడ్డ కండరాలకంటె సోడియం ఎక్కువ లేదే, పొటాషియం తక్కువ లేదే, అని ఓవర్టనే 1902లో ప్రశ్నించినాడు. పడవలోనికి నీరు కారుతూనే ఉన్నా మునగడం లేదంటే ఎవరో తోడిపోస్తూ ఉండవలె.

తోడిపోసే ఆ మనిషిని పట్టుకొన్నవాడు డెన్మార్కు వైద్యుడు యెన్స్ స్కౌ. శస్త్రచికిత్సలో తర్ఫీదు పొంది, మత్తుమందులు నరాలమీద ఎట్లా పనిచేస్తాయో తెలిసికొనబోయి, పీతల కాళ్లలోని నరాలను నూరి పరీక్షిస్తూ ఉండగా, సోడియం, పొటాషియం రెండూ ఉన్నప్పుడే చురుకుగా పనిచేసే ఒక ప్రొటీను దొరికినది. 1957లో ఆ సంగతి ప్రకటించినాడు. నోబెల్ బహుమానం 1997లో వచ్చినది, నలభై ఏండ్లకు. ఆ ప్రొటీను ఒక్కొక్క విడతకు మూడు సోడియం అయానులను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయానులను లోనికి లాగుతుంది. ఒక్కొక్క విడతకు అది కూలిగా పుచ్చుకొనేది ఏటీపీ అనే పదార్థపు అణువు ఒకటి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కెతో కలిసి కనుగొన్నవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా వేరుగా దానిని కనుగొన్నాడు. సుబ్బారావు 1948లోనే మరణించినాడు. ఆ పదార్థం కణపు వాకిట ఇట్లా కూలి డబ్బుగా చెల్లుతున్నదని తెలిసేనాటికి ఆయన లేడు.

నీటి ద్వారం అన్నిటికంటె ఆలస్యంగా దొరికినది. నీరు క్రొవ్వు పొరగుండా కొంత జారిపోగలదు గాని, కొన్ని కణాలలో అది పోయే వేగానికి ఆ జారుడు చాలదు. అమెరికాలో పీటర్ ఏగ్రె ఎర్రకణాలలో మరొక ప్రొటీనును వెదుకుతూ, అడుగకుండా వచ్చిన అతిథివలె కనిపించిన ఒక ప్రొటీనును విడువక పట్టుకొన్నాడు. 1992లో దానిని కప్పగ్రుడ్లలో తయారయ్యేటట్లు చేసి, ఆ గ్రుడ్లను పలుచని నీటిలో వేయగా, అవి ఉబ్బి పగిలిపోయినవి. ప్రక్కన ఉన్న మామూలు గ్రుడ్లకు ఏమీ కాలేదు. మొక్కలలో కూడా అటువంటి ద్వారాలున్నవి. నాయనమ్మ జాడీలోని ఊటకు సమాధానం అప్పటికి పూర్తి అయినది. ఏగ్రెకు 2003లో నోబెల్ బహుమానం ఇచ్చినారు.

చక్కెర ద్వారం సంగతి ఇంకా చెప్పలేదు. 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన సభలో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చిత్తు బొమ్మ గీసి చూపినాడు. ప్రేగు లోపలి కణాలలో గ్లూకోజుకు ప్రత్యేకమైన ద్వారం ఉన్నది. దాని గుండా గ్లూకోజు ఒంటరిగా పోదు, సోడియం చేయి పట్టుకొనే పోతుంది. సోడియం కూడా ఆ తోడు దొరికినప్పుడు అక్కడ సులువుగా పోతుంది. రెండూ లోనికి పోతే వాటి వెంట నీరు పోతుంది. ఉప్పు పిలిస్తే నీళ్లు వస్తాయన్న మాటే మళ్లీ.

ఒక సంవత్సరం ముందు, 1959లో, కలకత్తాలో శంభునాథ్ దే కలరా రహస్యం ఛేదించినాడు. తెలంగాణ పల్లెలలో గత్తర అనీ, కోస్తాలో వాంతిభేది అనీ పెద్దవారు తలచుకొని వణికిన వ్యాధి అది. కలరా క్రిములు లేకుండా వడపోసిన ద్రవం ఒక్కటే ప్రేగులోనికి నీరు ఊరేటట్లు చేయగలదని ఆయన కుందేళ్లలో నిరూపించినాడు. అంటే ఇది క్రిమి స్రవించే విషం చేసే పని. స్వదేశంలో ఆయనకు తగిన గౌరవం జీవితకాలంలో దక్కలేదు. ఆ విషం ప్రేగు కణాలను చంపదనీ, ఉప్పునీటిని బయటికి విడిచే ద్వారాలను బార్లా తెరిచి ఉంచుతుందనీ తరువాత తేలినది. గ్లూకోజు, సోడియం జంటగా పోయే ద్వారాన్ని అది ముట్టుకోదు. ముందు తలుపు పగిలినా పెరటి తలుపు క్షేమంగా ఉన్నదన్నమాట. ఆ పెరటి తలుపు గుండా రోగికి నీరు అందించవచ్చునని 1968లో ఢాకాలో వైద్యులు చూపినారు. అయినా ఆసుపత్రిలో, నిపుణుల కనుసన్నలలో తప్ప దానిని వాడరాదని చాలమంది పెద్దల అభిప్రాయం.

1971లో తూర్పు బెంగాలు నుండి శరణార్థులు లక్షలుగా తరలివచ్చినారు. సరిహద్దున బన్‌గావ్‌లో కలరా చెలరేగినది. ఆసుపత్రి నేలమీద, వాంతులలో, విరేచనాలలో పడి ఉన్న రోగులు. నరాలకు ఎక్కించే సెలైను సీసాలు కొద్దిరోజులలో అయిపోవచ్చినవి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ సాహసం చేసినాడు. కలకత్తాలో గ్లూకోజు 22 గ్రాములు, ఉప్పు మూడున్నర గ్రాములు, వంటసోడా రెండున్నర గ్రాములు తూచి, ప్లాస్టిక్ సంచులలో పోసి, ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి, పొట్లాలు తెప్పించినాడు. ఒక పొట్లాన్ని లీటరు నీటిలో కలిపి పీపాలలో నింపితే, తల్లులూ అన్నదమ్ములూ కప్పులతో పట్టుకొని రోగులచేత త్రాగించినారు. డాక్టరు లేడు, నర్సు లేదు. అటువంటి శిబిరాలలో నూటికి ముప్పయి వరకు ఉండే మరణాలు ఆయన చికిత్స చేసినచోట నూటికి 3.6కు దిగినవి.

మా వృత్తిలోనివారికి ఇందులో ఒక చిన్న సంతోషం ఉన్నది. ఈ ఉప్పునీటిని కలుపుకొనే విధానాన్ని కరపత్రాలుగా పంచడమే గాక, నాడు రహస్యంగా నడిచిన బంగ్లాదేశ్ రేడియో కేంద్రం నుండి ప్రసారం చేసినారు. కొలతలు మాత్రమే ఉన్న ఆ చిన్న ప్రసంగం ఎందరిని బ్రతికించినదో లెక్కకట్టినవారు లేరు. 1978లో లండను 'లాన్సెట్' పత్రిక తన సంపాదకీయంలో దీనిని ఈ శతాబ్దపు వైద్యంలో అన్నిటికంటె ముఖ్యమైన ముందడుగు కావచ్చునని వ్రాసినది. మహలనబిస్ 2022లో కన్నుమూసినాడు. పద్మవిభూషణ్ మరుసటి సంవత్సరం ప్రకటించినారు.

ఆ పొట్లం 2002లో కొంత మారినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు నీటికి 20 గ్రాములుగా ఉంచిన గ్లూకోజును 13.5 గ్రాములకు, ఉప్పును 3.5 గ్రాముల నుండి 2.6 గ్రాములకు తగ్గించినది. కారణం నొలే తిత్తిలో ఉన్నది. ప్రేగులోని నీరు రక్తంకంటె చిక్కగా ఉంటే అది లోనికి పోవడానికి బదులు రక్తంలోని నీటినే బయటికి లాగుతుంది. బిడ్డకు బలం వస్తుందని పంచదార మరికొంత కలిపినా, లీటరు నీటిలో వేయవలసిన పొట్లాన్ని ఒక గ్లాసు నీటిలో వేసి ఇచ్చినా, ఆ గ్లాసులోని నీరు ప్రేగులో చేసేది జాడీలో ఉప్పు చేసిన పనే.